సన్నటి హై పవర్ రాకెట్‌లో మోటర్ జారిపోకుండా బిగించడం ఎలా: మొదట్నుంచి చివరిదాకా

మినిమమ్ డయామీటర్ రాకెట్‌లో బాడీ ట్యూబ్ వేరు, మోటర్ ట్యూబ్ వేరు అనేది ఉండదు. 38 ఎంఎం మోటర్ అయితే ట్యూబ్ లోపలి కొలత కూడా దాదాపు 38 ఎంఎమ్మే, మోటర్ నేరుగా బాడీలోకే దూరిపోతుంది. 29, 38, 54, 75, 98 ఏ సైజు తీసుకున్నా ఇంతే. గాలికి ఎదురయ్యే వెడల్పు తగ్గిపోతుంది కాబట్టి అదే మోటర్‌తో లావు రాకెట్ కన్నా చాలా ఎక్కువ ఎత్తుకి పోతుంది, అందుకే ఎత్తు మీద మోజున్న వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు దీని దగ్గరికే వస్తారు. వచ్చాక మొదట ఆగిపోయేది మోటర్‌ని ఎలా పట్టి ఉంచాలి అన్నచోటే. లావు రాకెట్‌లో వెనక సెంటరింగ్ రింగ్ (మోటర్ ట్యూబ్‌ని బాడీ మధ్యలో పట్టి ఉంచే వలయం) ఉంటుంది, దాంట్లో టీ-నట్లు (చెక్కలో దిగే మర నట్లు) దింపి క్లిప్పులు పెట్టుకోవచ్చు, లేదంటే స్క్రూ క్యాప్ రిటైనర్ (మోటర్ జారకుండా మూతలా బిగిసే రింగు) అంటించుకుంటే పనైపోతుంది. ఇక్కడ ఆ రింగే లేదు, ట్యూబ్ గోడ మందం ఒకటిన్నర ఎంఎం, దానికి బయట ఫిన్లు, లోపల మోటర్, మధ్యలో ఖాళీ సున్నా.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా గైడ్ అంతా తేలిగ్గా అర్థమవుతుంది: మోటర్ ముందుకి తోస్తున్నప్పుడు ఆ తోపుని తీసుకునే భాగం ఒకటి, మోటర్ వెనక్కి జారకుండా పట్టే భాగం ఇంకొకటి, ఈ రెండూ వేరువేరుగా ఉండాలి. ఒకే జాయింట్ మీద రెండు పనులూ పెట్టారనుకోండి, ఒకటి తట్టుకునేలా చేసింది రెండోదాని దగ్గర చేతులెత్తేస్తుంది.

అసలు మోటర్ ఎందుకు బయటికొస్తుంది

బర్నౌట్ అవ్వగానే, అంటే ఇంధనం కాలిపోగానే, మోటర్ వెనక్కి జారిపోతుందేమో అని చాలామంది అనుకుంటారు, సాధారణంగా జరిగేది దానికి ఉల్టా. గాలి బాడీని, ఫిన్లని వెనక్కి లాగుతూ ఉంటుంది, లోపలున్న మోటర్ కేస్‌కి (మోటర్ బయటి లోహపు గొట్టానికి) బరువుంది గానీ గాలి పెద్దగా తగలదు, కాబట్టి అది ముందుకే పోవాలని చూస్తుంది. వెనక లాగేవి వేరే మూడున్నాయి.

మొదటిది ఇజెక్షన్ చార్జ్, అంటే పారాచూట్‌ని బయటికి తోసే చిన్న పేలుడు మందు. లోపల గ్యాస్ పుట్టగానే నోస్‌కోన్‌ని (రాకెట్ ముక్కుని) ముందుకి ఎంత తోస్తుందో మోటర్‌ని వెనక్కి అంతే తోస్తుంది. చార్జ్‌ని సుమారు 15 పీఎస్ఐ, అంటే 103 కిలోపాస్కల్స్ ప్రెజర్‌కి లెక్కేసుకుంటే 29 ఎంఎం మోటర్ మీద 68 న్యూటన్లు, 38 మీద 117, 54 మీద 237, 75 మీద 457, 98 మీద 780 న్యూటన్లు పడతాయి. కిలోల్లో చెప్పుకుంటే 7, 12, 24, 47, 80. సైజు రెండింతలు కాకముందే బలం మూడింతలు దాటేస్తోంది చూడండి, అందుకే 29లో పనిచేసిన పద్ధతిని అలాగే 75లోకి తీసుకుపోకూడదు. మోటర్ ఇక్కడ జారిపోయిందంటే ప్రెజరంతా వెనక నుంచే పోతుంది, నోస్‌కోన్ కదలదు, పారాచూట్ రాదు, రాకెట్ ముక్కు కిందకి పెట్టి బాణంలా దిగుతుంది, విడిగా పడే కేస్ కూడా ఎవరి నెత్తినైనా పడొచ్చు. రిటెన్షన్, అంటే మోటర్‌ని పట్టి ఉంచడం అనేది కేస్ డబ్బులు కాపాడుకోవడం కోసం కాదు, కింద నిలబడ్డ మనుషుల కోసం.

రెండోది షాక్ కార్డ్ (పారాచూట్‌ని రాకెట్‌కి కట్టే తాడు) జెర్క్. పారాచూట్ తెరుచుకుని తాడు బిగుసుకున్న క్షణంలో బాడీ ఒక్కసారిగా ఆగుతుంది, మోటర్ కేస్ మాత్రం వచ్చిన వేగంతోనే కిందకి పోవాలని చూస్తుంది. ఖాళీ కేస్ 1 కిలో ఉండి జెర్క్ 50 జీలు అయితే 490 న్యూటన్లు, అంటే 50 కిలోల మనిషి మోటర్ పట్టుకుని వేలాడినట్టు. 54 ఎంఎంలో ఇజెక్షన్ బలానికి ఇది రెట్టింపు, కానీ చాలామంది ఇజెక్షన్‌కి లెక్కేసుకుని దీన్ని వదిలేస్తారు.

మూడోది బయటికి కనపడదు. లోపల మూసుకుపోయిన గాలి. నేల మీద మూసిన గాలి నేల ప్రెజర్‌తోనే పైకి పోతుంది, 3 కిలోమీటర్ల ఎత్తులో బయట ప్రెజర్ సుమారు 70 కిలోపాస్కల్స్‌కి పడిపోతుంది, ఆ తేడాకి 54 ఎంఎం మోటర్ మీద దాదాపు 70 న్యూటన్ల తోపు వచ్చేస్తుంది, అదీ చార్జ్ ఇంకా పేలకముందే. మోటర్‌కి, పైనున్న బల్క్‌హెడ్‌కి (ట్యూబ్‌ని అడ్డంగా మూసే పలకకి) మధ్య ఖాళీ ఎక్కడున్నా అక్కడ ట్యూబ్‌కి 3 ఎంఎం వెంట్ హోల్ ఒకటి వెయ్యండి, అయిపోతుంది.

ముందు తోపు సంగతి తేల్చుకోండి

రిటైనర్ గురించి ఆలోచించేముందు థ్రస్ట్ ఎక్కడికి పోతోందో చూసుకోవాలి. ఏరోటెక్ ఆర్ఎంఎస్ లాంటి రీలోడబుల్ (మళ్ళీ మందు నింపి వాడుకునే) మోటర్లలో ఆఫ్ట్ క్లోజర్‌కి (వెనక మూతకి) కేస్ కన్నా కాస్త వెడల్పైన అంచు ఉంటుంది, అదే థ్రస్ట్ రింగ్. మోటర్ లోపలికి తోసేస్తే ఆ అంచు ట్యూబ్ వెనక చివరన వచ్చి ఆనుకుంటుంది, తోపంతా అక్కడి నుంచి ట్యూబ్ గోడలోకి పోతుంది. మినిమమ్ డయామీటర్‌కి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఫైబర్‌గ్లాస్ ట్యూబ్ అయితే భయం లేదు. లోపల 54, బయట 57 ఎంఎం ఉన్న ట్యూబ్ అంచు వైశాల్యం 2.6 చదరపు సెంటీమీటర్లు, 1500 న్యూటన్ల థ్రస్ట్ వచ్చినా చదరపు సెంటీమీటర్‌కి 580 న్యూటన్లు కూడా పడదు, ఫైబర్‌గ్లాస్ దాన్ని లెక్కచెయ్యదు. కాకపోతే ట్యూబ్ చివర నిజంగా చదునుగా, తొంభై డిగ్రీల్లో ఉండాలి, లేకపోతే బరువంతా ఒక పక్కే పడుతుంది. చదునైన బల్ల మీద సాండ్‌పేపర్ పరిచి ట్యూబ్‌ని నిలువుగా పట్టుకుని గుండ్రంగా రుద్దండి, తర్వాత మోటర్ పెట్టి వెలుగుకి ఎదురుగా పట్టి చూడండి, అంచుకీ ట్యూబ్‌కీ మధ్య ఎక్కడా వెలుగు గీత కనపడకూడదు.

కార్డ్‌బోర్డ్ ట్యూబ్ అయితే వెనక ఒక సెంటీమీటర్ మేర లోపలా బయటా పల్చటి సీఏ (సూపర్ గ్లూ) పీల్చనిచ్చి, ఆరాక రుద్ది గట్టి చేసుకోవాలి, లేదంటే రెండు మూడు ఫ్లైట్లకి అంచు నలిగి పొరలు ఊడిపోతాయి. పెద్ద థ్రస్ట్ మోటర్లకి కార్డ్‌బోర్డ్ మినిమమ్ డయామీటర్ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అంచు లేని ఆఫ్ట్ క్లోజర్ వాడుతుంటే, అంటే మోటర్ ట్యూబ్‌తో సమానంగా లోపలికి దిగిపోయే రకం అయితే, తోపు తీసుకోడానికి మోటర్ ముందు వైపు లోపల కప్లర్ (ట్యూబ్ లోపల సరిగ్గా దూరే చిన్న ట్యూబ్) ముక్క ఒకటి అంటించాలి, ఫార్వర్డ్ క్లోజర్ (ముందు మూత) దానికి ఆనుకుంటుంది. ఇక్కడ అతుకు మీద పూర్తి థ్రస్ట్ పడుతుంది కాబట్టి కప్లర్ కనీసం ట్యూబ్ వెడల్పంత పొడవుండాలి.

ఏ పద్ధతి ఎవరికి

మీ మోటర్‌లో డిలే (చార్జ్ పేలేముందు కాసేపు కాలే మందు), ఇజెక్షన్ చార్జ్ ఉన్నాయా, లేక ముందు వైపు పూర్తిగా మూసేసిన ప్లగ్డ్ క్లోజర్ వాడి ఆల్టిమీటర్‌తో (ఎత్తు కొలిచి చార్జ్ కాల్చే ఎలక్ట్రానిక్ పరికరంతో) పారాచూట్ బయటికి తీస్తున్నారా, దీన్నిబట్టే దాదాపు అంతా తేలిపోతుంది. మోటర్ ఇజెక్షన్ అయితే ముందు నుంచి గ్యాస్ రావాలి కాబట్టి అక్కడ బోల్ట్ బిగించే చోటు మామూలుగా ఉండదు, ఫ్రిక్షన్ (బిగుతుగా దూర్చిన రాపిడి), టేప్, వెనక స్క్రూలు వీటితోనే సర్దుకోవాలి. ప్లగ్డ్ క్లోజర్ అయితే దాని నడిమధ్య తరచుగా మరలున్న రంధ్రం ఉంటుంది, అప్పుడు ముందు నుంచి బోల్ట్‌తో పట్టడమే సరైన పని, 54 ఎంఎం దాటాక నేనైతే వేరే మాటే వినను.

29 ఎంఎం, చిన్న 38లకి: ఫ్రిక్షన్ ఫిట్

కాగితం మాస్కింగ్ టేప్ ఒక్కటి చాలు, ప్లాస్టిక్ టేప్, ఇన్సులేషన్ టేప్ మాత్రం వద్దు, కేస్ వేడికి జిగురు మెత్తబడి టేప్ జారిపోతుంది. కేస్ మీద రెండు చోట్ల పట్టీలు వెయ్యండి, ఒకటి ముందు చివరకి రెండు మూడు సెంటీమీటర్ల ఇవతల, ఇంకొకటి వెనక అంచుకి కాస్త ముందు. చుట్టూ తిప్పి చుట్టితే లోపలికి తోసేటప్పుడు టేప్ ముడతలుపడి వెనక్కి చుట్టుకుపోతుంది, అందుకని పొడుగ్గా, కేస్ నిలువునా చిన్న చిన్న ముక్కలుగా అంటించండి, నాలుగు వైపులా నాలుగు ముక్కలు, ఒక్కో పొర పెంచుకుంటూ ప్రతిసారీ ట్యూబ్‌లో పెట్టి చూసుకోండి.

ఎంత బిగుతు అంటే, రెండు చేతులతో మెలితిప్పుతూ తోస్తేనే లోపలికి పోవాలి, ఒక చేత్తో పోతోందంటే చాలదు. బొటనవేలితో అంచు పట్టుకుని లాగి "బానే ఉంది" అనుకోవడం టెస్ట్ కాదు, 29 ఎంఎంకి ఇజెక్షన్ బలమే 7 కిలోలని పైన చెప్పుకున్నాం కదా, దానికి జెర్క్ కలుపుకుని కనీసం 14 కిలోల బరువు మోటర్‌కి వేలాడదీసి చూడండి. కార్డ్‌బోర్డ్ ట్యూబ్ తేమకి ఉబ్బుతుంది, ఎండకి వదులవుతుంది, కాబట్టి ఇంట్లో సరిపెట్టిన ఫిట్‌ని ఎగరేసే రోజు మైదానంలో మళ్ళీ చూసుకోవాల్సిందే.

నేనైతే ఫ్రిక్షన్ ఒక్కదాని మీద వదలను, కింద చెప్పే టేప్ చుట్టు కూడా కలిపేస్తాను.

వెనక అంచు మీద టేప్ చుట్టు

చూడ్డానికి ఇదేం పద్ధతి అనిపిస్తుంది గానీ సరిగ్గా చేస్తే చాలా గట్టిది. థ్రస్ట్ రింగ్ బయటి కొలత, ట్యూబ్ బయటి కొలత దాదాపు ఒకటే అయినప్పుడే పనిచేస్తుంది, వెర్నియర్‌తో కొలిచి చూసుకోండి, అర ఎంఎం కన్నా ఎక్కువ తేడా ఉంటే టేప్ మెట్టు దగ్గర సరిగ్గా అంటదు. అల్యూమినియం ఫాయిల్ టేప్ వాడండి, వేడికి తట్టుకుంటుంది. సగం వెడల్పు ట్యూబ్ మీద, సగం అంచు మీద పడేలా రెండు చుట్లు వేసి గోరుతో గానీ చెంచా వెనక వైపుతో గానీ గట్టిగా రుద్దండి. ట్యూబ్ వైపు పట్టు ఎక్కువ కావాలంటే ఫిన్లు వెనక అంచుకి సమానంగా కాకుండా ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకి జరిపి అంటించుకోవాలి, ఇది కట్టేటప్పుడే ఆలోచించుకోవాల్సిన సంగతి, తర్వాత గుర్తొచ్చి లాభం లేదు. టేప్ చివర నాజిల్ వైపు ఏమాత్రం పొడుచుకుని ఉండకూడదు, మంట దాన్ని తినేస్తుంది, చుట్టంతా లేచిపోతుంది.

ఇక్కడ టేప్ ఊడిపోడానికి పెద్ద కారణం గ్రీజు. మోటర్ బిగించేటప్పుడు ఓ-రింగులకి (గ్యాస్ బయటికి పోకుండా ఆపే రబ్బరు రింగులకి) గ్రీజు రాస్తాం, ఆ చేతులతోనే ఆఫ్ట్ క్లోజర్ తిప్పుతాం, అంచు మీద కంటికి కనపడనంత పొర మిగిలిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ తడిపి అంచునీ ట్యూబ్‌నీ తుడవండి, గుడ్డ మార్చి ఇంకోసారి తుడవండి, ఆ తర్వాత అక్కడ వేలు పెట్టకండి.

ప్లగ్డ్ క్లోజర్ ఉంటే: ముందు నుంచి బోల్ట్

ఈ పద్ధతికి ఏరో ప్యాక్ లాంటి కంపెనీలు రెడీమేడ్ మినిమమ్ డయామీటర్ రిటైనర్లు అమ్ముతాయి, అల్యూమినియం ముక్క, ట్యూబ్ లోపల ఎపాక్సీతో అంటించి మోటర్‌ని దానికి మరలతో బిగిస్తారు. కొనుక్కుంటే బాగానే ఉంటుంది, సొంతంగా చేసుకోవడం కూడా కష్టమేమీ కాదు, ఆలోచన ఒకటే కాబట్టి సొంతంగా చేసే తీరు చెప్తాను.

మొదట మరలు. అమెరికాలో తయారైన క్లోజర్లలో ఎక్కువగా ఇంచ్ మరలే ఉంటాయి, 1/4-20, 5/16-18, 3/8-16 ఇలా. 1/4-20 అంటే 6.35 ఎంఎం లావు, ఒక మర నుంచి ఇంకో మరకి 1.27 ఎంఎం. దానికి దగ్గరగా కనపడే ఎం6 బోల్ట్ లావు 6 ఎంఎం, మరల దూరం 1 ఎంఎం. ఎం6 తీసుకుని 1/4-20 రంధ్రంలో తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా పోయి తర్వాత బిగుసుకుంటుంది, చేతికి అచ్చం బిగిసినట్టే ఉంటుంది, పట్టుకుని ఉన్నది మాత్రం రెండు పళ్ళే, అవి కూడా వంకరగా. థ్రెడ్ గేజ్ పెట్టి చూడండి, లేకపోతే తయారీదారు ఇచ్చిన కాగితంలో సైజు చదివి అదే బోల్ట్ తెచ్చుకోండి. బోల్ట్ చివరిదాకా చేత్తోనే తేలిగ్గా తిరగాలి, పానా అవసరం పడిందంటే ఎక్కడో తేడా ఉంది.

లోపలికి ఎంత దిగాలి? అల్యూమినియంలో బోల్ట్ లావుకి కనీసం ఒకటిన్నర రెట్లు. 1/4-20కి 9.5 ఎంఎం, అంటే ఏడున్నర చుట్లు. రంధ్రం లోతు ముందే కొలుచుకోండి, అది ఇటు నుంచి అటు పోయే రంధ్రం కాదు, బోల్ట్ అడుగుకి తగిలాక ఇంకా తిప్పితే క్లోజర్ పాడవుతుంది. రంధ్రం లేని క్లోజర్‌కి మీరే డ్రిల్ వేసి మరలు తియ్యడం, కేస్ గోడకి స్క్రూ దింపడం లాంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. లోపల పదుల కొద్దీ బార్‌ల ప్రెజర్ ఉండే పాత్ర అది, ఒక గాటు పడ్డా అక్కడే చీలుతుంది, పైగా అలా మార్చిన మోటర్ సర్టిఫైడ్ మోటర్ కిందకే రాదు.

ఇక బల్క్‌హెడ్. ఒట్టి గుండ్రటి పలకని ట్యూబ్ లోపల అంటిస్తే వెనక్కి లాగినప్పుడు భారమంతా సన్నటి జిగురు గీత మీదే పడుతుంది. దానికి బదులు 5 సెంటీమీటర్ల కప్లర్ ముక్క తీసుకుని ట్యూబ్ లోపల అంటించి, ఆ కప్లర్ ముందు అంచు మీద పలక కూర్చునేలా చెయ్యండి. ఇప్పుడు మోటర్ వెనక్కి లాగితే పలక కప్లర్ మీద నొక్కుకుంటుంది, ఊడిరావడం అనే మాటే ఉండదు. 54 ఎంఎంలో ఆ కప్లర్‌కి దాదాపు 85 చదరపు సెంటీమీటర్ల జిగురు చోటు దొరుకుతుంది, 490 న్యూటన్ల జెర్క్‌కి చదరపు సెంటీమీటర్‌కి 6 న్యూటన్లు కూడా పడవు, మంచి ఎపాక్సీకి అదొక లెక్కా!

కొలత తీసుకునేటప్పుడు కేటలాగ్‌లో రాసిన పొడవు నమ్మొద్దు. క్లోజర్లు రెండూ పూర్తిగా బిగించి, థ్రస్ట్ రింగ్ ముందు ముఖం నుంచి ఫార్వర్డ్ క్లోజర్ ముందు ముఖం దాకా మీరే కొలవండి. దానికి 4 ఎంఎం కలిపి ట్యూబ్ వెనక చివర నుంచి ఆ దూరంలో బయట పెన్సిల్ గుర్తు పెట్టుకోండి, కప్లర్ వెనక అంచు అక్కడికి రావాలి. ఆ 4 ఎంఎం ఖాళీ కావాలనే ఉంచుతున్నాం, మోటర్ కప్లర్‌కి తగలకూడదు, తగిలితే థ్రస్ట్ అటు పోవడం మొదలవుతుంది. ఒకే రాకెట్‌లో రెండు మూడు కేస్ పొడవులు వాడాలనుకుంటే పొడుగు కేస్‌కి తగ్గట్టు బల్క్‌హెడ్ పెట్టుకుని, పొట్టి కేస్‌కి పొడుగు థ్రెడెడ్ రాడ్ వాడుకోండి.

అంటించే రోజు పని ఇలా సాగుతుంది. ట్యూబ్ లోపల ఆ మేర 80 గ్రిట్ సాండ్‌పేపర్ కర్రకి చుట్టి బాగా రుద్దండి, మెరుపు పూర్తిగా పోవాలి, ఫైబర్‌గ్లాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు కాబట్టి మాస్క్ పెట్టుకుని తడిపి రుద్దండి. కప్లర్ బయట కూడా అంతే. తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. పలకని కప్లర్ ముందు అంచుకి ముందే అంటించి ఆరబెట్టి ఉంచుకోండి, బోల్ట్ రంధ్రంలో మైనం రాసిన బోల్ట్ పెట్టండి, లేకపోతే రంధ్రం కూడా జిగురుతో మూసుకుపోతుంది. నెమ్మదిగా ఆరే ఎపాక్సీ కలిపి పొడుగు కర్రతో ట్యూబ్ ముందు వైపు నుంచి, గుర్తుకి కాస్త పైన లోపల గోడకి వలయంలా రాయండి. ఇప్పుడు కప్లర్‌ని వెనక నుంచి దూర్చి, ఖాళీ కేస్‌తోనే తోసుకుంటూ పోండి. కేస్ ముందు 4 ఎంఎం మందం ప్లాస్టిక్ వాషర్ పెట్టి, దాన్ని పాలిథిన్ కవర్‌తో కప్పి తోస్తే థ్రస్ట్ రింగ్ ట్యూబ్‌కి ఆనుకున్న క్షణంలో కప్లర్ సరిగ్గా దాని చోటులో ఉంటుంది, వేరే కొలత అక్కర్లేదు. వెంటనే కేస్ బయటికి తీసేసి దాని మీద జిగురు లేదని చూసుకుని, ట్యూబ్‌ని ముందు వైపు పైకి ఉండేలా నిలబెట్టి ఒక రాత్రి వదిలెయ్యండి.

వెనక నుంచి రాస్తే ఏమైద్ది అని అడుగుతారేమో, కప్లర్ లోపలికి పోయే దారంతా గోడకి జిగురు పూసుకుంటూ పోతుంది, ఆరాక మోటర్ అసలు దూరదు.

మోటర్ కాలాక కేస్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతుంది. గది వేడిలో ఆరే మామూలు ఎపాక్సీ చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. మోటర్ ముందు భాగం వెనక భాగమంత వేడెక్కదు గానీ, కేస్‌కి దగ్గరగా ఉన్న ఏ అతుకుకైనా జేబీ వెల్డ్ లాంటి, 200 డిగ్రీలు దాటినా నిలబడేది వాడటం తెలివైన పని.

ఇక బోల్ట్ ఎలా ఉండాలి అన్నదే ఈ పద్ధతికి ప్రాణం. బోల్ట్‌ని పలకకి జిగురుతో గానీ నట్‌తో గానీ బిగించేసి, మోటర్‌ని దానిమీద తిప్పి ఎక్కించడం ఒక తీరు, చాలామంది చేసేది అదే. అలా చేస్తే ఒక తిరకాసుంది. అల్యూమినియం కేస్ అర మీటర్ పొడవుండి 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.9 ఎంఎం సాగుతుంది. ముందు బోల్ట్ కదలదు కాబట్టి ఆ సాగినదంతా వెనక్కే పోతుంది, థ్రస్ట్ రింగ్ ట్యూబ్ అంచుని వదిలేస్తుంది, ఆ సమయంలో ఇంకా థ్రస్ట్ మిగిలి ఉంటే అదంతా బల్క్‌హెడ్ మీదకే. అందుకని బోల్ట్ పలకలోంచి వదులుగా దూరి, తల ముందు వైపు పెద్ద వాషర్ మీద కూర్చునేలా చెయ్యండి. వెనక్కి లాగితే తల ఆపుతుంది, ముందుకి తోస్తే తల కాస్త పైకి లేస్తుంది అంతే, పలక మీద ఏ భారమూ పడదు. తోపుకి ఒక దారి, లాగుడుకి ఇంకో దారి అని మొదట్లో చెప్పింది ఇదే. బిగించడానికి ముందు నుంచి పొడుగు ఎక్స్‌టెన్షన్ ఉన్న సాకెట్ పానా కావాలి, రాకెట్ పొడవుని బట్టి మీటర్ పైనే పట్టొచ్చు, ముందే సమకూర్చుకోండి. చేతి బిగుతు చాలు, తల వాషర్‌కి ఆనాక ఇంకో పావు చుట్టు.

తాడుని మోటర్‌కే కట్టెయ్యడం

బోల్ట్ బదులు ఫార్వర్డ్ క్లోజర్‌లో ఐబోల్ట్ బిగించి షాక్ కార్డ్‌ని నేరుగా దానికే కట్టే పద్ధతి కూడా ఉంది, 38లో నాకు చాలా ఇష్టమైనది. తాడు మోటర్‌ని ముందుకి లాగుతుంది, మోటర్ అంచు ట్యూబ్‌ని మోస్తుంది, ట్యూబ్ లోపల అంటించిన భాగమే లేదు కాబట్టి ఊడిపోయేదీ లేదు. జెర్క్ వచ్చేకొద్దీ మోటర్ ఇంకా లోపలికే బిగుసుకుంటుంది.

ఒకే ఒక్క సందు మిగులుతుంది. చార్జ్ పేలినప్పుడు తాడు ఇంకా వదులుగానే ఉంటుంది, ఆ క్షణంలో మోటర్‌ని వెనక్కి పోకుండా పట్టేది ఏదీ లేదు. అక్కడికి మాత్రం టేప్ చుట్టు తప్పనిసరి, ఇజెక్షన్ బలానికి రెట్టింపు తట్టుకునేలా. ఐబోల్ట్ అంటే వంచిన కడ్డీ కాదు, కన్ను పూర్తిగా మూసుకున్న ఫోర్జ్‌డ్ ఐబోల్ట్ తీసుకోండి, వంచిన రకం జెర్క్‌కి నెమ్మదిగా తెరుచుకుంటుంది. పారాచూట్ గింగిరాలు తిరిగితే ఆ తిప్పుడంతా తాడు ద్వారా ఐబోల్ట్‌కి చేరి మరలు విప్పేస్తుంది, కాబట్టి తాడు మధ్యలో స్వివెల్ (గుండ్రంగా తిరిగే లింకు) పెట్టి, మరలకి విప్పుకోడానికి వీలయ్యే నీలం లాక్‌టైట్ (మరలు పట్టే జిగురు) ఒక చుక్క వెయ్యండి. ఎర్రది వేస్తే క్లోజర్ శుభ్రం చేసేటప్పుడు మీకే నరకం.

ఫిన్ ఫిల్లెట్‌లో స్క్రూలు

మోటర్ ఇజెక్షనే వాడాలి, టేప్ మీద నమ్మకం లేదు అనుకునేవాళ్ళకి ఇది. ఫిన్ మొదట్లో ఎపాక్సీ ఫిల్లెట్ (ఫిన్, ట్యూబ్ కలిసే మూలలో పూసే జిగురు) ఎలాగూ లావుగా వేస్తాం, వెనక చివర ఆ ఫిల్లెట్ లోపల చిన్న ఇత్తడి థ్రెడెడ్ ఇన్సర్ట్‌ని ట్యూబ్‌కి సమాంతరంగా పాతేసి, ఆరాక వెనక నుంచి ఎం3 స్క్రూతో చిన్న స్టీల్ పట్టీ బిగిస్తే అది థ్రస్ట్ రింగ్ మీదకి రెండు ఎంఎం వాలి పట్టుకుంటుంది. మూడు ఫిన్లయితే మూడు చోట్లా పెట్టండి, ఒక్కటే పెడితే మోటర్ వంకరగా లాగబడుతుంది. ఇన్సర్ట్ బయట గీతలు గీతలుగా గరుకు ఉన్నది తీసుకోండి, నున్నటిది జిగురులోంచి జారి వచ్చేస్తుంది.

నమ్మేముందు లాగి చూడండి

రాకెట్‌ని ముక్కు పైకి ఉండేలా వేలాడదీసి, ఖాళీ కేస్ ఎగరేసే రోజు ఎలా బిగిస్తారో అచ్చం అలాగే బిగించి, దానికి కింద బకెట్ కట్టి కొంచెం కొంచెంగా ఇసుక పోసుకుంటూ పోండి. లక్ష్యం ఖాళీ కేస్ బరువుకి 50 రెట్లు, లేదా పైన చెప్పిన ఇజెక్షన్ బలానికి రెట్టింపు, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. బకెట్ నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులోనే ఉండాలి, ఊడితే కాళ్ళ మీద పడకుండా. పూర్తి బరువు మీద ఒక పది నిమిషాలు వదిలి, థ్రస్ట్ రింగ్‌కీ ట్యూబ్‌కీ అడ్డంగా ముందే గీసిన పెన్సిల్ గీత కదిలిందేమో చూడండి. వెంట్రుకంత కదిలినా అది ఫెయిలే.

దాని తర్వాత గ్రౌండ్ ఇజెక్షన్ టెస్ట్, అదే ఖాళీ కేస్ లోపల ఉంచి, పారాచూట్ మడిచి పెట్టి, దూరం నుంచి వైరుతో చార్జ్ కాల్చి. ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు, వెనక అని ప్రత్యేకంగా చెప్తున్నా, మోటర్ ఊడితే వచ్చేది అటే. కళ్ళద్దాలు తప్పనిసరి.

ఎగరేసే రోజు

మోటర్ తయారీదారు చెప్పినట్టు బిగించాక అంచు తుడవడం, పెట్టడం, వెలుగు గీత చూడటం, బోల్ట్ చుట్లు లెక్కపెట్టుకోవడం, టేప్ వేసి రుద్దడం, పెన్సిల్ గీత గియ్యడం, ఈ వరస మార్చకండి. ఆల్టిమీటర్ చార్జులు పెట్టకముందే బోల్ట్ పని అయిపోవాలి, చార్జ్ ఉన్న ట్యూబ్‌లోకి ఇనప పానా దింపకూడదు. ఇగ్నైటర్ మాత్రం లాంచ్ ప్యాడ్ మీద రాకెట్ నిలబెట్టాకే. చెకింగ్ దగ్గర రేంజ్ సేఫ్టీ ఆఫీసర్ మోటర్ ఎలా పట్టుకుని ఉందని కచ్చితంగా అడుగుతారు, లోపలున్న బోల్ట్ కంటికి కనపడదు కాబట్టి కట్టేటప్పుడు తీసిన ఫొటో ఒకటి ఫోన్‌లో పెట్టుకుంటే మాట తేలిగ్గా తెగుతుంది.

దిగాక కేస్ చల్లారేదాకా ఆగి, పెన్సిల్ గీత ఎక్కడుందో చూసి అప్పుడే విప్పండి. గీత తిరిగి ఉంటే మోటర్ మరల మీద కదిలిందని, రెండు ముక్కల మధ్య ఎడం వచ్చి ఉంటే వెనక్కి జారిందని. బోల్ట్ తల కింద వాషర్ వంగిందేమో, పలక చుట్టూ జిగురులో తెల్లటి వెంట్రుక గీతలు పడ్డాయేమో టార్చ్ వేసి చూడండి. ఆ తెల్ల గీత కనపడితే మీద ఇంకాస్త ఎపాక్సీ పొయ్యడం కాదు, కప్లర్‌ని కత్తిరించి తీసేసి, గోడ మళ్ళీ గరుకు చేసి, కొత్తది అంటించి, ఇసుక బకెట్ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.